ఇంట్లో నీళ్ళ పీహెచ్ కొలిచే ప్రాజెక్టు: పసుపు కాగితం, పెన్ మీటర్, వంటసోడా చిట్కా

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయ్ గ్యాస్ కోసమని రోజూ వంటసోడా నీళ్ళు తాగుతున్నారు, బీపీ మాత్రలు కూడా వేసుకుంటారు. దాని పైన ఒంట్లో యాసిడ్ తగ్గిస్తుందని ఎవరో చెబితే ఆల్కలైన్ జగ్గు, అంటే నీళ్ళని క్షారం వైపు మార్చే ఫిల్టర్ జగ్గు, ఒకటి కొన్నారు. ఇక్కడ విజయవాడలో మా అపార్ట్‌మెంట్లో ఏమో ఆర్వో నీళ్ళు యాసిడ్ నీళ్ళు, ఎముకలు అరిగిపోతాయి అని భయపెడుతున్నారు. ఈ మాటలన్నిటికీ నీళ్ళ పీహెచ్ (7 కన్నా తక్కువైతే యాసిడ్, ఎక్కువైతే క్షారం అని చెప్పే అంకె) కొలిచి జవాబు చెప్పాలి అన్నదే ప్రాజెక్టు. ఏ పద్ధతి పనికిరాలేదో, ఎందుకు మార్చానో, ఖర్చు ఎంతయిందో వరసగా రాస్తున్నా, ఎవరైనా చేసుకోవాలంటే నేరుగా పనికొచ్చే దగ్గర నుంచి మొదలెట్టొచ్చు.

దశ 1: కాగితాలు, పూలు, చుక్కలు

పసుపు కాగితం ఇలా:

1. రెండు చెంచాల పసుపు, 50 ఎంఎల్ సర్జికల్ స్పిరిట్ మూత ఉన్న సీసాలో పోసి బాగా ఊపి గంట వదిలేయాలి. దగ్గర్లో పొయ్యి వెలగకూడదు.
2. పైన తేరిన రంగులో ఫిల్టర్ పేపర్ ముంచి నీడలో ఆరబెట్టాలి.
3. సన్నగా కత్తిరించి డబ్బాలో, వెలుతురు తగలకుండా పెట్టుకోవాలి.

సున్నం నీళ్ళలో పెడితే ఎర్రగా తిరిగింది, సర్ఫ్ నీళ్ళలో కూడా తిరిగింది. కుళాయి, బోరు, ఆర్వో, క్యాన్ నీళ్ళు నాలుగిట్లోనూ పసుపు పసుపుగానే ఉండిపోయింది. కారణం పసుపులోనే ఉంది, పీహెచ్ 7.4 దాకా అది పసుపే, ఎరుపు పూర్తిగా తేలాలంటే 8.6 దాటాలి. తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పేది 6.5 నుంచి 8.5. అంటే మనకి కావాల్సిన రేంజ్‌లో ఎరుపు ఎక్కడా పూర్తిగా తేలదు. హారతికి ఎర్రనీళ్ళు కలిపేటప్పుడు పనిచేసేది ఈ కెమిస్ట్రీనే, కానీ అక్కడ సున్నం పడుతుంది కాబట్టి రంగు వస్తుంది. తాగే నీళ్ళ పరీక్షకి పసుపు కాగితం పనికిరాదు.

తర్వాత మేడ మీద ఉన్న శంఖుపుష్పాలు. ఎండిన పూలు పది, వేడినీళ్ళు 100 ఎంఎల్, పది నిమిషాలు నాననిచ్చి వడగట్టా. నిమ్మరసంలో ఊదా గులాబీ కలిసిన రంగు, సున్నపు తేటలో ఆకుపచ్చ, చాలా అందంగా వస్తాయి, పిల్లలకి చూపించడానికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ 6.5కీ 8కీ మధ్య అంతా నీలమే, ఏ నీలం ఎంతో కంటితో చెప్పలేం. పైగా మన ఎండలకి ఆ కషాయం నిలవుండదు, వాసన వచ్చేస్తుంది.

1 నుంచి 14 దాకా ఉండే స్ట్రిప్పులు కొన్నా. ఒక్కో రంగుకీ తేడా ఒక పూర్తి అంకె. పీహెచ్‌లో ఒక అంకె అంటే పది రెట్లు, ఈ స్కేలు 1909లో కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో పనిచేసే సోరెన్‌సెన్ పెట్టిందే అలా. కాబట్టి 6కీ 7కీ మధ్య రంగు వచ్చింది అంటే ఏమీ చెప్పనట్టే. ఆర్వో నీళ్ళ దగ్గర ఇంకో ఇబ్బంది, ఆ నీళ్ళలో లవణాలు అసలు తక్కువ కాబట్టి స్ట్రిప్పు మీదున్న రసాయనమే నీళ్ళ పీహెచ్‌ని మార్చేస్తుంది, ముంచి ఉంచినకొద్దీ రంగు మారుతూనే పోయింది.

ఈ దశలో కాస్త పనికొచ్చింది అక్వేరియం షాపులో దొరికే చుక్కల మందు, బ్రోమోథైమాల్ బ్లూ. 6.0 దగ్గర పసుపు, మధ్యలో ఆకుపచ్చ, 7.6 దగ్గర నీలం. కుళాయి నీళ్ళు నీలం, ఆర్వో నీళ్ళు పసుపు వైపు వచ్చాయి. తక్కువ ఖర్చులో చేసుకోవాలంటే ఇదొక్కటి కొనుక్కోండి చాలు, స్ట్రిప్పులు వద్దు.

ఖర్చు: స్పిరిట్ 60, ఫిల్టర్ పేపర్ 70, స్ట్రిప్పులు 150, అక్వేరియం చుక్కలు 180. ఇప్పటిదాకా మొత్తం 460 రూపాయలు.

దశ 2: పెన్ మీటర్, దాన్ని నమ్మదగ్గట్టు చెయ్యడం

ఆన్‌లైన్లో దొరికే పచ్చ రంగు పెన్ మీటర్ ఇది. డిస్‌ప్లేలో రెండు దశాంశాలు చూపిస్తుంది కానీ నమ్మాల్సింది 0.1 వరకే. డబ్బాలోంచి తీసి నేరుగా కుళాయి నీళ్ళలో ముంచితే 8.4 చూపించింది, కాలిబ్రేట్ చేశాక, అంటే బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) పెట్టి సరిచేశాక, అవే నీళ్ళు 7.6. ఈ తేడా చాలు ఎవరినైనా భయపెట్టి ఫిల్టర్ అమ్మడానికి, అందుకే ఎవరైనా మీ ఇంటికొచ్చి పెన్ను ముంచి నంబర్ చూపిస్తే ముందు బఫర్‌లో పెట్టి చూపించమని అడగండి.

కాలిబ్రేషన్:

1. పెన్‌తో వచ్చే బఫర్ పొడి ప్యాకెట్లు 6.86, 4.01. విడిగా 9.18 కూడా తెప్పించుకోవాలి. ఒక్కో ప్యాకెట్‌కి 250 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్.
2. డిస్టిల్డ్ వాటర్ అంటే బ్యాటరీ నీళ్ళే, ఆటోనగర్‌లో ఎక్కడైనా దొరుకుతాయి, కానీ ముందు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) పెన్‌తో చూడాలి. మొదట కొన్న క్యాన్‌లో 38 పీపీఎం వచ్చింది, అది పక్కన పెట్టేసి వేరే దగ్గర తెచ్చా, దాన్లో 2. ఏసీ నుంచి కారే నీళ్ళు వాడొద్దు, కాయిల్ మీది దుమ్ము, లోహం అన్నీ దాన్లోకి వస్తాయి.
3. ముందు 6.86లో పెట్టి సెట్ చేసి, బ్యాటరీ నీళ్ళతో కడిగి, తర్వాత 4.01 లేదా 9.18. ఏ వైపు కొలుస్తారో ఆ వైపు బఫర్ వాడాలి.
4. గాజు బల్బుని గుడ్డతో రుద్దకూడదు, టిష్యూతో తడి అద్దాలి అంతే.

మన ఊరి ఎండ సంగతి ఇక్కడ పట్టించుకోవాల్సిందే. బఫర్ మీద రాసిన అంకె 25 డిగ్రీలది. 40 డిగ్రీల దగ్గర 9.18 కాస్తా 9.07 అవుతుంది, 6.86 మాత్రం 6.84 దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు కాగినట్టు ఉంటాయి కదా, ఆ టైంలో కొలవడం మానేశా. పొద్దున్నే, బఫర్లూ నీళ్ళూ పక్కపక్కన అరగంట పెట్టి, రెండూ ఒకే వేడికి వచ్చాక కొలుస్తున్నా.

పెన్ కొన్నాళ్ళకి మొండికేసింది, 6.86లో పెడితే 6.4 చూపించి నిమిషం తర్వాత 6.6, ఇంకో నిమిషానికి 6.7. బల్బు ఆరిపోతే ఇలా అవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి దాచమని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు, అది తప్పు, ఎలక్ట్రోడ్ లోపలి ఉప్పు బయటికి లాగేస్తుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణం కావాలి, 22.4 గ్రాములు వేసి మొత్తం 100 ఎంఎల్ అయ్యేలా నీళ్ళు పోస్తే 3 మోలార్ గాఢత వస్తుంది. రాత్రంతా దాన్లో ఉంచితే పొద్దున 6.86 దగ్గర గట్టిగా నిలబడింది. ఎరువుల షాపులో దొరికే ఎర్ర పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే గానీ దాన్లో ఇనుము, మట్టి ఉంటాయి, అది వద్దు, గవర్నర్‌పేటలో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో తెల్లది తెచ్చా.

ఇదే ద్రావణం ఇంకో పనికీ వచ్చింది. ఆర్వో నీళ్ళలో పెన్ను నంబర్ నిలబడదు, లవణాలు లేని నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి. 100 ఎంఎల్ ఆర్వో నీళ్ళలో దీన్ని అర ఎంఎల్ కలిపితే పీహెచ్ పెద్దగా మారకుండా నంబర్ స్థిరపడుతుంది.

ఖర్చు: పెన్ 550, అదనపు బఫర్లు 160, బ్యాటరీ నీళ్ళు 100, పొటాషియం క్లోరైడ్ అరకిలో 240, టీడీఎస్ పెన్ 250. ఈ దశ 1300, ఇప్పటిదాకా మొత్తం 1760.

దశ 3: ఇంట్లో నీళ్ళు

కార్పొరేషన్ కుళాయి: పీహెచ్ 7.6, టీడీఎస్ 310
బోరు, అప్పుడే పట్టినవి: 7.2, టీడీఎస్ 1150
అవే బోరు నీళ్ళు బకెట్లో రాత్రంతా ఉంచాక: 7.9
అవే మరిగించి చల్లార్చాక: 8.3
ఆర్వో: 6.2, టీడీఎస్ 45
20 లీటర్ల క్యాన్: 6.4, టీడీఎస్ 60
ఆర్వో నీళ్ళు ఆల్కలైన్ జగ్గులో పోసి తీస్తే: 8.9, టీడీఎస్ 70
జగ్గు నీళ్ళు గ్లాసులో రాత్రంతా ఉంచాక: 7.9

బోరు నీళ్ళ వరస చూడండి, ఏమీ కలపకుండానే 7.2 నుంచి 8.3 దాకా పోయింది. భూమిలో నుంచి వచ్చేటప్పుడు నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది, బకెట్లో పెడితే కొంత, మరిగిస్తే ఇంకా ఎక్కువ పోతుంది, అది పోయినకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. గిన్నె అడుగున తెల్లగా కట్టిన పెచ్చు కూడా ఇందులో భాగమే. అందుకే పట్టిన చోటే వెంటనే కొలవాలి, సీసాలో పట్టుకెళ్ళి సాయంత్రం కొలిస్తే వేరే నంబర్ వస్తుంది. జగ్గు నీళ్ళకి దీనికి ఎదురు జరిగింది, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దిగిపోయాయి.

ఆర్వో 6.2 ఎందుకు అంటే మెంబ్రేన్ (ఆర్వో లోపలి వడపోత పొర) యాసిడ్‌ని విరిచే బైకార్బొనేట్‌ని ఆపుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కాబట్టి దాన్ని ఆపలేదు, అది ఇవతలికి వచ్చేసి నీళ్ళని కాస్త పులుపు వైపు లాగుతుంది. ఐఎస్ 10500 చెప్పిన 6.5 కన్నా తక్కువే, అది నిజం, దానివల్ల లోహపు పైపులూ పాత్రలూ తినేసే గుణం వస్తుంది. ఎముకల మాట మాత్రం నిలబడదు. మా ఇంటి మజ్జిగ కొలిస్తే 4.5, అంటే ఆర్వో నీళ్ళకన్నా యాభై రెట్లు యాసిడ్. గ్లాసులో అరచెక్క పిండిన నిమ్మ నీళ్ళు 2.6. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండేలా ఊపిరితిత్తులూ కిడ్నీలూ చూసుకుంటాయి, తాగే నీళ్ళు దాన్ని కదపవు.

మార్చింది: ఆర్వోలో టీడీఎస్ స్క్రూ కొంచెం తిప్పించి కుళాయి నీళ్ళు కలిసేలా చేశాం, ఇప్పుడు టీడీఎస్ 110, పీహెచ్ 6.8. ఖర్చు సున్నా. కలిసే నీళ్ళు కూడా యూవీ లోంచి వెళ్ళే మోడల్ అయితేనే ఇది చెయ్యండి, మెంబ్రేన్‌లోకి వెళ్ళకుండా పక్క నుంచి కలిసే నీళ్ళలో క్రిములు ఆగవు.

దశ 4: చిట్కాలు ఒక్కొక్కటిగా

వంటసోడా మొదట. లీటరు బ్యాటరీ నీళ్ళలో 1 గ్రాము వేస్తే 8.3, 2 గ్రాములకి 8.3, 4 గ్రాములకి కూడా 8.3. పెన్ పాడయిందేమోనని 9.18 బఫర్‌లో చూసి మళ్ళీ కొలిచా, అంతే. సోడియం బైకార్బొనేట్ యాసిడ్‌గానూ క్షారంగానూ రెండు వైపులా పనిచేస్తుంది, కాబట్టి ఎంత పోసినా ఆ మధ్యనే నిలబడుతుంది. ఎక్కువ వేస్తే నీళ్ళు ఎక్కువ ఆల్కలైన్ అవుతాయి అన్న నమ్మకం ఇక్కడే పోయింది. పెరిగేది మాత్రం సోడియం. వంటసోడా బరువులో 27 శాతం సోడియమే. బాబాయ్ వాడే అర చెంచా త్రాసు మీద 2.4 గ్రాములు తూగింది, పూటకొకటి చొప్పున రోజుకి 4.8 గ్రాములు, దాన్లో సోడియం 1300 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళు రోజంతటికీ అన్ని రకాలుగా కలిపి 2000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గుంటూరు వెళ్ళి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించా.

"ఏమ్మా, నీ పెన్ను ఏమంటోంది?"

"బాబాయ్, పావు చెంచా వేసినా చెంచా వేసినా పీహెచ్ ఒకటే, మీ ఒంట్లోకి పోయే సోడియం మాత్రం నాలుగింతలు."

"బీపీ అని ఆవకాయ కూడా మానేశాను కదమ్మా!"

పిన్ని ఆ కాగితం తీసుకుని బీపీ ఫైల్లో పెట్టింది. తర్వాతి వారం ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు, సోడా ఆపించి గ్యాస్‌కి వేరే మందు రాశారు. సోడా తాగితే ఉపశమనం రావడం అబద్ధం కాదు, కడుపులో యాసిడ్‌ని విరగ్గొట్టి గ్యాస్ తేన్పుగా బయటికి వస్తుంది, కానీ కాసేపే, యాసిడ్ మళ్ళీ ఊరుతుంది. కిడ్నీ జబ్బు ఉన్న కొందరికి డాక్టర్లే సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇస్తారు, రక్త పరీక్షలు చూసుకుంటూ. అలా రాసినవాళ్ళు ఇది చదివి మానెయ్యకండి.

ఇప్పుడు జగ్గు. కడుపులో యాసిడ్ పీహెచ్ 2 అనుకుందాం. పీహెచ్ 9 ఉన్న స్వచ్ఛమైన నీళ్ళు ఒక లీటరు తాగితే విరిగేది ఆ యాసిడ్‌లో 1 ఎంఎల్. లెక్క అలా వచ్చింది, కానీ జగ్గు నీళ్ళలో ఖనిజాలు ఉంటాయి కదా అంటారు, అందుకే యాసిడ్‌ని ఎంత ఆపగలవో నేరుగా కొలిచా. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా పనికొచ్చిన పద్ధతి ఇదే:

1. ఒకే నిమ్మకాయల రసం బట్టలో వడగట్టి పెట్టుకోవాలి, మధ్యలో కొత్త కాయ పిండకూడదు.
2. గాజు గ్లాసులో 200 ఎంఎల్ నీళ్ళు, పెన్ మీటర్ దాన్లో.
3. మెడికల్ షాపు సిరంజితో రసం కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ పీహెచ్ 4.5కి దిగేదాకా ఎన్ని ఎంఎల్ పట్టిందో రాసుకోవాలి.
4. పోలికకి లీటరు బ్యాటరీ నీళ్ళలో 1 గ్రాము వంటసోడా కలిపిన నీళ్ళు కూడా ఇలాగే కొలవాలి. ల్యాబ్ లెక్కలో దాని ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ని ఆపే శక్తి, 595.

వంటసోడా నీళ్ళు: 5.2 ఎంఎల్
బోరు: 3.5
కుళాయి: 1.2
ఆల్కలైన్ జగ్గు: 0.35
ఆర్వో: 0.2

పీహెచ్ 8.9 చూపించిన జగ్గు నీళ్ళు మూడో వంతు ఎంఎల్ నిమ్మరసానికే పడిపోయాయి, 7.2 ఉన్న బోరు నీళ్ళు దానికి పది రెట్లు తట్టుకున్నాయి. పీహెచ్ అనేది ఆ క్షణంలో నీళ్ళ స్థితి, యాసిడ్‌ని ఆపే శక్తి ఆల్కలినిటీ, రెండూ వేరు. జగ్గు డబ్బా మీద రాసేది మొదటిది, జనం కొనేది రెండోది అనుకుని. అలాగని బోరు నీళ్ళు మందుగా తాగమని కాదు, బైకార్బొనేట్ ఎక్కువ ఉండి కాల్షియం తక్కువున్న నీళ్ళలోకి రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ తేలిగ్గా దిగుతుంది. పల్నాడు వైపు బోర్ల మీద ఆధారపడేవాళ్ళు పీహెచ్ బాగుందని ఊరుకోకుండా ఫ్లోరైడ్ పరీక్ష తప్పకుండా చేయించాలి.

నిమ్మ నీళ్ళు ఒంట్లోకి వెళ్ళాక ఆల్కలైన్ అవుతాయి అనేదాన్లో సగం నిజం ఉంది, సిట్రేట్ ఒంట్లో బైకార్బొనేట్‌గా మారి మూత్రం పీహెచ్ పెరగొచ్చు, కిడ్నీ రాళ్ళున్న కొందరికి సిట్రేట్ ఇచ్చేది అందుకే. రక్తం మాత్రం మారదు. పళ్ళ ఎనామిల్ 5.5 దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి 2.6 నీళ్ళు చప్పరిస్తూ తాగొద్దు, తాగాక వెంటనే బ్రష్ చెయ్యొద్దు.

రాగి చెంబు: కుళాయి నీళ్ళు రాత్రంతా ఉంచితే 7.6 నుంచి 7.7, అంటే మారనట్టే. మజ్జిగ, నిమ్మ నీళ్ళు రాగిలో పెట్టొద్దు, పులుపుకి రాగి కరిగి వాంతులవుతాయి. ఆర్వో నీళ్ళు కూడా మేము దాన్లో పోయడం మానేశాం.

సున్నపు తేట: పెన్ 12.3 చూపించింది, 9.18 పైన ఈ పెన్‌ని అంత ఖచ్చితంగా నమ్మలేం గానీ తేట నిండుగా కరిగితే 12.4 దగ్గర ఉండాలి, సరిపోయింది. దీన్ని చుక్కలు చుక్కలుగా నీళ్ళలో కలిపి ఇచ్చే చిట్కా మా చుట్టాల్లో ఇంకా ఉంది. దయచేసి వద్దు, చుక్క లెక్క తప్పితే నోరు, గొంతు కాలుతుంది. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు, డబ్బా పిల్లలకి అందకుండా పెట్టండి, పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూనే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఖర్చు: వంటసోడా 40, సున్నం 10, చిన్న డిజిటల్ త్రాసు 330, సిరంజిలు 20. ఈ దశ 400, ఇప్పటిదాకా మొత్తం 2160.

దశ 5: పెన్ను చూడలేనివి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు బోర్లు కూడా మునిగాయి. అలాంటి నీళ్ళు పీహెచ్ 7.5 చూపించి కూడా క్రిములతో నిండి ఉండొచ్చు. క్రిములు, నైట్రేట్, ఫ్లోరైడ్ ఏదీ పీహెచ్‌లో కనిపించదు. ఇంకో విషయం, క్లోరిన్ చంపే శక్తి పీహెచ్ పెరిగితే తగ్గుతుంది, 7.5 దగ్గర సగం పనిచేసే రూపంలో ఉంటే 8.5కి వచ్చేసరికి పదో వంతే మిగులుతుంది. కాబట్టి బ్లీచింగ్ వేసే ట్యాంకు నీళ్ళని ఆల్కలైన్ చెయ్యాలని చూడకండి.

బోరు నీళ్ళు ప్రైవేటు ల్యాబ్‌లో ఇచ్చా:

1. మోటరు ఐదు నిమిషాలు నడిచాక పట్టాలి.
2. అవే నీళ్ళతో సీసా మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచుదాకా నింపాలి.
3. క్రిముల పరీక్షకి ల్యాబ్ వాళ్ళిచ్చే స్టెరైల్ సీసానే, అది తొలవకూడదు.
4. అదే రోజు అందించాలి.

రిపోర్టు (పీహెచ్ తప్ప మిగతావి లీటరుకి మిల్లీగ్రాముల్లో): పీహెచ్ 7.6, ఆల్కలినిటీ 410, కాఠిన్యం 520, ఫ్లోరైడ్ 0.9, నైట్రేట్ 38. మోటరు దగ్గర నా పెన్ 7.2 చూపిస్తే ల్యాబ్‌లో 7.6, దారిలో గ్యాస్ పోయిన తేడా అది. ఆల్కలినిటీ నా నిమ్మరసం లెక్కలో 3.5ని 5.2తో భాగించి 595తో హెచ్చిస్తే 400, ల్యాబ్ 410, ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు, చాలా సంతోషమేసింది. కాఠిన్యం 200 దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా అన్నది ప్రమాణం, నైట్రేట్ 45 అన్న పరిమితికి దగ్గర్లో ఉంది, కాబట్టి బోరు వాడుకకే, తాగడానికీ వంటకీ కుళాయి నీళ్ళే.

ల్యాబ్ ఫీజు 1200. ఇప్పటిదాకా మొత్తం 3360 రూపాయలు. దీన్లో మళ్ళీ చేస్తే స్ట్రిప్పులు, స్పిరిట్, ఫిల్టర్ పేపర్ 280 కొనను.

తర్వాత చెయ్యాల్సింది హెచ్2ఎస్ సీసాలు, నీళ్ళు పోసి గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే మలం కలిసిన నీళ్ళయితే నల్లబడతాయి, బ్రాడీపేట ట్యాంకుకీ మా సంపుకీ వానలు మొదలయ్యాక పెడతా. పొటాషియం క్లోరైడ్ అరకిలోలో చాలా మిగిలింది, 22.4 గ్రాముల పొట్లాలు కట్టి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో పెట్టా, మా బ్లాకులో పెన్ మీటర్ ఉన్నవాళ్ళు ఒకటి తీసుకెళ్ళొచ్చు.